కాలం తప్పిన వాతావరణం: మీ పెరట్లో మొక్కలు ఎలా తట్టుకుంటున్నాయి?

మిద్దెపాదులు:
అందరికీ నమస్కారం. చలి మొదలవ్వాల్సిన రోజుల్లో మా దగ్గర ఇంకా రాత్రిళ్లు ఉక్కపోతగానే ఉంది. టమాటా మొక్కలు ఏపుగా పెరిగాయి, గుత్తులు గుత్తులుగా పూస్తున్నాయి, పిందె మాత్రం కట్టడం లేదు. పువ్వు కాడ మధ్యలో చిన్న కణుపు ఉంటుంది కదా, ముందు అక్కడ పసుపు తిరుగుతోంది. మర్నాటికి వేలు తగిలితే చాలు, పువ్వు ఆ కణుపు దగ్గరే విడిపోయి రాలుతోంది. పురుగు లేదు, మచ్చ లేదు, నీళ్లకు లోటు లేదు. మిరపది కూడా అదే వరస. చిక్కుడు తీగ అయితే పందిరంతా ఆకులే, పూత ఊసే లేదు.

ఇక్కడ రకరకాల వాతావరణాల్లో తోటలు పెంచేవాళ్లున్నారు. కాలం అటూ ఇటూ అయినప్పుడు మీ వైపు ఏ మొక్క ఎలా దెబ్బతింటోంది, ఏం చేస్తే నిలబడింది, అది ఎందుకు పనిచేసింది అన్నది వివరంగా రాయండి. "వేప నూనె కొట్టండి" అన్న ఒక్క ముక్క చెప్పి వదిలేయకండి, దయచేసి.

ఎర్రనేల:
మాది ఎండలెక్కువ ఉండే మెట్ట ప్రాంతం కాబట్టి ఈ బాధ ప్రతి ఏడూ చూసేదే. మీ టమాటాకు రోగం లేదండీ. కారణం రాత్రి వేడి.

చాలామంది పగటి ఎండ లెక్క చూసుకుంటారు. టమాటా పగలు 32 డిగ్రీల దాకా సర్దుకుపోతుంది. రాత్రి 21 డిగ్రీలకు దిగకుండా వరసగా కొన్నాళ్లు ఉంటే మాత్రం పుప్పొడి పాడైపోతుంది. పువ్వు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల పుప్పొడిలో జీవం ఉండదు. ఫలదీకరణ జరగని పువ్వును మొక్క ఉంచుకోదు, మీరు చూసిన ఆ కణుపు దగ్గర తెంపేసుకుంటుంది. మిరపలో కూడా దాదాపు ఇదే కథ.

ఇంకో సంగతి. పుప్పొడి దెబ్బతినేది పువ్వు విచ్చుకున్న రోజున కాదు. అంతకు వారం పది రోజుల ముందు, మొగ్గ చిన్నగా ఉన్నప్పుడే. అందుకని ఈ రోజు చల్లబడినా రేపే పిందెలు కనిపించవు. చల్లబడ్డాక పుట్టిన మొగ్గలు విచ్చుకునేదాకా ఆగాలి. ఈలోపే చాలామంది టెన్షన్ పడి ఎరువులు కుమ్మరించి మొక్కను ఇంకా ఆకుల వైపు తోసేస్తారు.

చెర్రీ టమాటా రకాలు పెద్దకాయ రకాలకన్నా ఈ వేడిలో మెరుగ్గా పిందె కడతాయి. ఒక వరస వాటికి కేటాయించుకుంటే తోట మొత్తం ఖాళీగా ఉండదు.

తీరంగాలి:
ఎర్రనేల గారు చెప్పింది అక్షరాలా నిజం. గాలిలో తేమ బాగా ఎక్కువున్నా ఇదే జరుగుతుంది, కానీ కారణం వేరు. అక్కడ పుప్పొడి బతికే ఉంటుంది, ముద్దకట్టి రాలదు. అలాంటప్పుడు ఉదయం మంచు ఆరాక గుత్తి కాడను వేలితో మెల్లగా తడితే పిందె కడుతుంది. వేడికి చచ్చిన పుప్పొడిని ఎంత తట్టినా ఉపయోగం లేదు. రెండింటినీ కలిపేసి చెప్పే సలహాలు చాలా తిరుగుతుంటాయి, జాగ్రత్త.

మంచుకోన:
మాది మంచు కురిసే ప్రాంతం. మా బాధ మీకు పూర్తిగా తిరగేసి ఉంటుంది. చలి ఎక్కువైనందుకు మేము భయపడం, చలికాలం మధ్యలో వెచ్చబడితే భయపడతాం.

ఆపిల్, చెర్రీ, ప్లమ్ లాంటి చెట్లు చలికాలమంతా నిద్రలో ఉంటాయి. గాఢనిద్రలో ఉన్న మొగ్గ సున్నాకు బాగా కింద చలిని కూడా ఓర్చుకుంటుంది. అదే నాలుగు వెచ్చని వారాలు ముందే వచ్చి మొగ్గ ఉబ్బిందంటే ఆ ఓర్పు పోతుంది. ఆపిల్ పూర్తిగా పూతలో ఉన్నప్పుడు మైనస్ 2.2 డిగ్రీల దగ్గర ఓ అరగంట ఉంటే పూతలో పదో వంతు పోతుంది. మైనస్ 3.9కి దిగితే పదింట తొమ్మిది వంతులు పోతాయి. మధ్యలో ఉన్న తేడా రెండు డిగ్రీలు కూడా లేదు.

2012లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మార్చి నెల వేసవిలా వెచ్చబడింది. చెట్లు వారాల ముందే పూశాయి. ఏప్రిల్‌లో వరసగా గడ్డకట్టే రాత్రులు వచ్చాయి. పుల్ల చెర్రీ, ఆపిల్ పంటలో చాలా భాగం పోయింది. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ ద్రాక్షతోటలకూ ఇలాగే జరిగింది. ముందు వెచ్చటి మార్చి చివరి వారం, ఆ వెంటనే మంచు. రాత్రంతా తోటల్లో మంటలు పెట్టి కాపలా కాశారు.

పెరట్లో నాలుగు చెట్లున్నవాళ్లం తెలుసుకోగలిగేది ఏంటంటే, మంచు పడిన మర్నాడు మధ్యాహ్నం ఒక పువ్వును నిలువుగా కోసి చూడాలి. రెక్కలు తెల్లగా, తాజాగానే ఉంటాయి. నడుమ అండాశయం పచ్చగా ఉంటే బతికినట్టు. గోధుమ రంగో నలుపో తిరిగితే ఆ పువ్వు కాయ ఇవ్వదు. ఒక్క పువ్వు చూసి నిర్ణయానికి రాకండి, కింది కొమ్మలో కొన్ని, పై కొమ్మలో కొన్ని కోయండి. చల్లగాలి నేలబారుగా చేరుతుంది కాబట్టి కింద పోయినా పైన మిగిలే అవకాశం ఉంటుంది.

మిద్దెపాదులు:
ఎంత వివరంగా చెప్పారండీ, ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం. పూత నిలవడానికి హార్మోన్ స్ప్రేలు వాడమంటున్నారు కొందరు. వాడొచ్చా?

ఎర్రనేల:
అవి చల్లటి రాత్రుల్లో పిందె కట్టనప్పుడు కొంత పనిచేస్తాయి. వేడిలో వాడితే గింజలేని, ఆకారం చెడిన కాయలు వస్తాయి, మోతాదు దాటితే ఆకులు మెలిపడతాయి. ఇంటికి నాలుగు కాయలు పండించుకునే చోట నేనైతే వద్దంటాను.

తీరంగాలి:
మా తీర ప్రాంతం సంగతి చెప్తాను. మాకు సమస్య వానే. పడాల్సినప్పుడు ముఖం చాటేసి, కాయ పండే వేళకు వారం పాటు ఆగకుండా కురుస్తుంది.

నిలవ నీటిలో మొక్క ఎలా చస్తుందో దగ్గర నుంచి చూస్తే అర్థమవుతుంది. మట్టి రంధ్రాల్లో గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరతాయి. వేరుకు ఊపిరాడదు, ఊపిరాడని వేరు నీళ్లు పీల్చలేదు. అందుకే నీళ్లలో నిలబడిన మొక్క దాహంతో ఉన్నట్టు వడలిపోతుంది. టమాటాలో ఇంకో గుర్తు కనిపిస్తుంది. ఆకు పచ్చగా, గట్టిగానే ఉంటుంది, ఆకు కాడ మాత్రం కాండం దగ్గర నుంచి కిందికి వంగుతుంది. నీళ్లు లేక వడలితే ఆకు మెత్తబడి వేలాడుతుంది. ఈ తేడా తెలియక ఆకులు వాలాయని ఇంకో బకెట్ నీళ్లు పోసేవాళ్లు ఎంతమందో. పోసేముందు మట్టిలో వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి, చాలు.

వాన తగ్గాక మొదటి పని నీళ్లు పోయేందుకు దారి చేయడం. రెండో పని, ఏమీ చేయకపోవడం. తడిమట్టిలో నడవకండి, తవ్వకండి, మట్టి రాయిలా బిగుస్తుంది. పదును వచ్చాక పైపొర మాత్రం తేలిగ్గా గుల్ల చేయండి. కొత్త తెల్లవేర్లు పుట్టేదాకా ఎరువు వద్దు. కింది ఆకులు పసుపు తిరగడం సహజమే, వానకు నత్రజని కొట్టుకుపోయి ఉంటుంది. చిగురు కదిలాక పలచగా ఇస్తే సర్దుకుంటుంది.

తుపాను గాలి వచ్చినప్పుడు ఇంకోటి. గాలి ఉప్పునీటి తుంపరలను చాలా దూరం లోపలికి మోసుకొస్తుంది. రెండు మూడు రోజుల్లో గాలి తగిలిన వైపు ఆకుల అంచులు మాత్రమే మాడితే అది తెగులు కాదు, ఉప్పు. గాలి తగ్గగానే మంచినీళ్లతో ఆకులన్నీ కడిగితే చాలా వరకు బతికించుకోవచ్చు. ఎండ కాసి ఉప్పు పట్టేశాక కడిగి లాభం తక్కువ.

పచ్చతీగ:
మిద్దెపాదులు గారూ, మీవి కుండీలా? అయితే మీరు చూడాల్సిన ఉష్ణోగ్రత మట్టిది.

నేలలో నాటిన మొక్క వేరు వేడికి కిందికి వెళ్లి తప్పించుకుంటుంది. కుండీలో వేరుకు పారిపోయే చోటు లేదు. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండ తగిలే వైపు మట్టి 45 డిగ్రీలు దాటడం వేసవిలో మామూలే. దాదాపు 40 దాటితే చాలా మొక్కల వేర్లు పని ఆపేస్తాయి. కుండీ తిరగేసి మట్టిగడ్డ మొత్తంగా బయటికి తీస్తే ఎండవైపు వేర్లు గోధుమరంగులో చచ్చి ఉంటాయి, నీడవైపు తెల్లగా ఉంటాయి. ఒక్కసారి చూస్తే మర్చిపోరు.

అందుకే ముందు కుండీకి నీడ పట్టండి, మొక్కకు తర్వాత. కుండీలన్నీ దగ్గరగా జరిపి, బయటి వరసకు గోనెసంచో తెల్లగుడ్డో చుట్టండి. మట్టి మీద ఎండుటాకులు నాలుగు వేళ్ల మందాన పరచండి, కాండానికి ఆనకుండా. షేడ్ నెట్ కాయగూరలకు 30 నుంచి 50 శాతం నీడనిచ్చేది సరిపోతుంది. అంతకన్నా ముదురుగా వేస్తే తీగ సాగుతుంది, కాపు తగ్గుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో నెట్ తీసేయాలి. ఏడాది పొడవునా కట్టి ఉంచేసిన నెట్‌లు చూస్తే నాకు మొక్కల మీద జాలేస్తుంది.

కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఎక్కువ కలిపిన కుండీలు పూర్తిగా ఎండిపోతే పైనుంచి పోసిన నీళ్లు లోపలికి దిగవు, అంచు పక్కనుంచి జారి కింద కారిపోతాయి. కింద నీళ్లు కారాయి కాబట్టి తడిసిందనుకుంటాం. అలాంటప్పుడు కుండీని టబ్బులో పెట్టి కిందనుంచి పీల్చుకోనివ్వాలి.

కొండవాలు:
మధ్యాహ్నం ఆకుల మీద నీళ్లు చల్లితే చుక్కలు భూతద్దంలా పనిచేసి ఆకు మాడుతుందంటారు కదా?

పచ్చతీగ:
టమాటా, మిరప లాంటి మామూలు ఆకుల మీద అలా జరగదండీ, చుక్క ఆకుకు అతుక్కుని ఉంటుంది, వెలుగు అక్కడ ఒక బిందువుగా చేరేంత దూరం ఉండదు. కానీ మధ్యాహ్నం చల్లిన నీళ్లలో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, సాయంత్రం చల్లితే ఆకు రాత్రంతా తడిగా ఉండి తెగులు వస్తుంది. తెల్లవారుజామున మొక్క మొదట్లో పోయడమే మంచిది.

ఎర్రనేల:
పచ్చతీగ గారి మాటల్లో ఒక్కదానితో నేను ఏకీభవించను. విపరీతమైన వడగాలి రోజుల్లో మధ్యాహ్నం అయినా సరే నీళ్లు ఇవ్వాల్సి వస్తుంది. 2021 జూన్ 29న కెనడాలోని లిట్టన్‌లో 49.6 డిగ్రీలు నమోదైంది. ఆ వారంలో ఆ పసిఫిక్ తీరమంతా బెర్రీలు కొమ్మ మీదే ఉడికిపోయాయి. ఆ స్థాయి వేడిలో "సాయంత్రం దాకా ఆగుదాం" అనుకుంటే కుండీ మొక్క సాయంత్రానికి ఉండదు. నియమం మంచిదే, ప్రాణం మీదికొస్తే పక్కన పెట్టాలి.

పచ్చతీగ:
ఒప్పుకుంటాను. అలాంటి రోజున మట్టికి పోయండి, ఆకుకు కాదు.

విత్తులసంచి:
ఇంతదాకా అందరూ వేడి, చలి, వాన గురించి మాట్లాడారు. నాకు ముఖ్యమనిపించేది ఇంకోటి ఉంది. మొక్కలన్నీ కాలాన్ని ఒకేలా పసిగట్టవు. కొన్ని పొద్దు పొడవును చూస్తాయి, కొన్ని వేడిమిని, కొన్ని రెండింటినీ. వాతావరణం మారినా పొద్దు మారదు. చలికాలం వెచ్చగా ఉన్నా పగలు ఎన్ని గంటలన్నది ఎప్పటిలాగే ఉంటుంది. కాలం తప్పినప్పుడు ఈ రెండు సంకేతాలు ఒకదానికొకటి పొసగవు, అక్కడే మొక్క తికమకపడుతుంది.

ఉల్లి పొద్దు పొడవును చూసి గడ్డ కడుతుంది. దానికి వేడి కూడా తోడైతే ఆకు సరిగా పెరగకముందే గడ్డ కట్టేస్తుంది, గడ్డ చిన్నదవుతుంది. క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్ అయితే చలిని గుర్తుపెట్టుకుంటాయి. వెచ్చదనానికి ముందే ఎదిగిన మొక్కకు తర్వాత కొన్ని వారాలు 10 డిగ్రీలలోపు చలి తగిలితే, తను ఒక చలికాలం గడిపేశానని అనుకుంటుంది. మళ్లీ వేడెక్కగానే గడ్డ మానేసి పూకాడ వేస్తుంది. అదే చలి బాగా లేత నారుకు తగిలితే అంత ప్రభావం ఉండదు. అందుకే మరీ ముందుగా విత్తడం లాభం అనుకోకూడదు, కొంచెం లేటుగా పోసిన నారు ఇలాంటి ఏడాది గట్టెక్కుతుంది. కొత్తిమీర, పాలకూర వేడికి, పొడుగు పగళ్లకు తొందరగా కాడ వేస్తాయి. వాటిని ఒకేసారి కాకుండా వారానికో గుప్పెడు చల్లుకుంటే ఏదో ఒక విడత అదనుకు దొరుకుతుంది.

మీ చిక్కుడు గురించి. పాత రకాలు చాలావరకు పొద్దు తగ్గితేనే పూస్తాయి. పొద్దు తగ్గింది సరే, రాత్రిళ్లు వేడిగా ఉంటే ఆ సంకేతం బలహీనపడి పూత వెనక్కి జరుగుతుంది. పైగా నత్రజని, నీళ్లు పుష్కలంగా ఉంటే తీగ ఆకు వేయడానికే ఇష్టపడుతుంది. ఎరువు ఆపండి, నీళ్లు కొంచెం తగ్గించండి. ఇంకోటి, పందిరి మీద రాత్రి వీధిదీపం వెలుగు పడుతోందా? పడుతుంటే ఆ తీగకు రాత్రి పొట్టిగా అనిపిస్తుంది, పూత ఇంకా ఆలస్యమవుతుంది.

మిద్దెపాదులు:
పడుతోందండీ! ఒక మూలన నేరుగా పడుతుంది. ఇది నాకు తట్టనే లేదు.

కొండవాలు:
విత్తులసంచి గారి మాటకు కొనసాగింపుగా చెట్ల సంగతి చెప్తాను. మా ఎత్తైన ప్రాంతంలో ఆపిల్, పీచ్ చెట్లకు చలి చాలకపోవడం పెద్ద బెంగ అయింది.

ఈ చెట్లు చలి గంటలను లెక్కపెడతాయి. సుమారు 0 నుంచి 7 డిగ్రీల మధ్య గడిచిన గంటలన్నమాట. మామూలు ఆపిల్ రకాలకు 800 నుంచి 1000 గంటలు కావాలి. 'అన్నా' లాంటి రకానికి 300 లోపే చాలు. లెక్క పూర్తికాకుండా చలికాలం ముగిస్తే చెట్టు సగం నిద్రలో లేస్తుంది. కొమ్మ చివర రెండు మొగ్గలు విచ్చుకుని, మధ్యలో మొగ్గలన్నీ మోడుగా ఉంటాయి. పూత ఒకేసారి రాకుండా వారాల తరబడి సాగుతుంది, పరాగం ఇచ్చే పక్కచెట్టుతో కలవదు. కాబట్టి కొత్తగా చెట్టు పెట్టాలనుకునేవాళ్లు తమ దగ్గర గత నాలుగైదేళ్లలో చలి ఎలా ఉందో చూసి రకాన్ని ఎంచుకోండి. పుస్తకాల్లోని పాత లెక్కలు చాలా చోట్ల మారిపోయాయి. అమెరికా వ్యవసాయ శాఖ 2023లో తన మొక్కల చలి మండలాల పటాన్ని (ఎక్కడ చలికాలం ఎంత చలికి దిగుతుందో చూపేది) కొత్తగా వేస్తే, దేశంలో దాదాపు సగం భాగం అర మండలం వెచ్చని వైపు జరిగింది.

మామిడికి గడ్డకట్టే చలి అక్కర్లేదు గానీ పూమొగ్గ పుట్టడానికి కొన్ని వారాలు 15 డిగ్రీల చుట్టుపక్కల చల్లటి రాత్రులు, కొంత బెట్ట కావాలి. ఆ సమయంలో అకాల వాన పడి వెచ్చబడితే పూకొమ్మ రావాల్సిన చోట ఎర్రటి లేత చిగురు వస్తుంది. వచ్చాక దాన్ని ఆపలేం. పూత దశలో మబ్బు, మంచు పట్టినా బూడిద తెగులు, పక్షికన్ను తెగులు తగులుకుంటాయి. పూత వచ్చే ముందు నీళ్లు పెట్టడం ఆపడం, చెట్టు లోపలికి వెలుతురు, గాలి ఆడేలా కాపు అయ్యాక కొమ్మలు తీయడం, ఈ రెండూ మన చేతిలో ఉన్నవి.

మంచుకోన:
కొండవాలు గారి దగ్గర కూడా అప్పుడప్పుడు నేలమంచు పడుతుంది కాబట్టి ఒక మాట. వాతావరణ సమాచారంలో 3 డిగ్రీలని ఉన్నా, ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉన్న రాత్రి నేల దగ్గర సున్నాకు దిగొచ్చు. కొలిచేది మనిషి ఛాతీ ఎత్తులో కదా. గుడ్డ కప్పేవాళ్లు పొద్దుగూకేలోపే, నేల వేడి బయటికి పోకముందే కప్పాలి, అంచులు నేలకు ఆనాలి. కాండం చుట్టూ మాత్రమే మూటలా కడితే నేల వేడి అందదు. ప్లాస్టిక్ వాడితే ఆకుకు తగలనివ్వకండి, తగిలిన చోట మాడుతుంది. మధ్యాహ్నమే మట్టి తడిపి ఉంచండి, తడిమట్టి పొడిమట్టికన్నా ఎక్కువ వేడి దాచుకుంటుంది. పొద్దెక్కాక కప్పు తీసేయాలి.

చిగురుటాకు:
కొత్తగా చేరాను. వాతావరణం మారాక పురుగులు కూడా మారాయా? మా బెండ, వంగ ఆకుల కింద ఎర్రటి చుక్కల్లాంటివి కదులుతున్నాయి, ఆకు మీద సన్నటి తెల్ల మచ్చలు.

పచ్చతీగ:
ఎర్రనల్లి అండీ. వేడి, పొడి గాలి దానికి పండగ. 30 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం పది రోజులు చాలు, కాబట్టి పొడి వేసవి పొడిగితే తరాలు పెరిగిపోతాయి. తెల్లకాగితం మీద ఆకు దులిపి చూడండి, చుక్కలు కదిలితే అదే. ఉదయాన్నే ఆకు అడుగుభాగానికి గట్టిగా నీళ్లు కొట్టండి, మూడు నాలుగు రోజులకోసారి మళ్లీ. బాగా పట్టిన ఆకులు తీసేయండి. వేప నూనె వాడితే ఎండ తగ్గాకే, మధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. గంధకం 32 డిగ్రీలు దాటిన రోజుల్లో అసలు వాడకండి. చలి సరిగా పడని ఏడాది పేనుబంక, తెల్లదోమ కూడా చావకుండా మిగిలి ముందే దిగుతాయి. చిగుళ్లను వారానికోసారి తిప్పి చూడడం అలవాటు చేసుకోండి.

మిద్దెపాదులు:
ఇంత వివరం వస్తుందనుకోలేదు. నేను ఇప్పుడు చేయబోయేవి రాస్తున్నాను, తప్పుంటే చెప్పండి. టమాటా మొక్కలు పీకేయకుండా ఉంచుతాను, ఎరువు ఆపుతాను. కుండీలు దగ్గరకు జరిపి ఎండవైపు వరసకు గోనె చుడతాను. చిక్కుడు పందిరి మూలకు దీపం వెలుగు పడకుండా అడ్డు కడతాను. గోడమీద థర్మామీటర్ తీసి కుండీల ఎత్తులో నీడలో పెట్టి రాత్రి కనిష్ఠం రాసుకుంటాను. ఒకటే అడగాలి: ఇప్పటికే కట్టిన నాలుగైదు కాయలు ఎంతకీ ఎర్రబడటం లేదు, నారింజ రంగులో ఆగిపోయాయి. ఎందుకు?

ఎర్రనేల:
30 డిగ్రీలు దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ తయారవడం ఆగిపోతుంది, పసుపు రంగు మాత్రం వస్తూనే ఉంటుంది. కాయ అడుగున రంగు తిరగడం మొదలవగానే కోసి, ఇంట్లో 20-25 డిగ్రీల నీడలో ఉంచండి. ఎండ తగలాల్సిన పని లేదు, ఎరుపు చక్కగా వస్తుంది.

విత్తులసంచి:
దానితోపాటు, ఈ వేడిలోనూ పిందె కట్టిన మొక్క ఏదో దానికి ఇప్పుడే దారం కట్టి గుర్తు పెట్టండి. హైబ్రిడ్ కాకపోతే ఆ మొక్క మీది మంచి కాయ ఒకటి పూర్తిగా పండనిచ్చి విత్తనం తీయండి. గుజ్జుతో సహా గ్లాసులో రెండు మూడు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టి, ఏడాది, రకం రాసి పెట్టుకోండి. చీటీ మీద ఆ కాయ కట్టినప్పటి రాత్రి ఉష్ణోగ్రత కూడా రాయండి.